కాకినాడ మీద బాంబు పడిందని ఎలా చెప్పాలి

మా చెల్లెలి మనవడు కాకినాడలో డిగ్రీ రెండో సంవత్సరం. మొన్నామధ్య ఒక శనివారం సరిగ్గా భోజనాల వేళకి ఊడిపడ్డాడు. చెప్పులు కూడా విప్పకుండా ఫోను నా చేతిలో పెట్టి, "తాతయ్యా, ఇది చూసి బాగుందని చెప్పు, సాయంత్రం అచ్చుకి ఇచ్చేయాలి" అన్నాడు. ఎలా ఉందో చెప్పమనలేదు, బాగుందని చెప్పమన్నాడు. వచ్చే వారం వాళ్ళ కాలేజీలో రెండో ప్రపంచ యుద్ధం, మన ప్రాంతం అని సభ ఉందట. వాళ్ళ సంఘం తరఫున వీడు మాట్లాడాలి. అంతకు ముందు కరపత్రం పంచాలి.

కరపత్రంలో ఉన్నవి మూడే వాక్యాలు. "1942 ఏప్రిల్‌లో జపాన్ మన కాకినాడపై బాంబుల వర్షం కురిపించింది. వందలాది మంది అమాయకులు బలయ్యారు. ఈ నిజాన్ని ఎర్ర చరిత్రకారులు దశాబ్దాలుగా దాచిపెట్టారు!!!" ఆశ్చర్యార్థకాలు మూడు, వాక్యానికొకటి లెక్కన కాబోలు.

నేను ఒక దినపత్రికలో ఇరవై ఎనిమిదేళ్ళు జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేశాను. రాజకీయంగా కుడివైపు మనిషిని, దాచుకునేది ఏమీ లేదు. మా నాన్న స్వతంత్ర పార్టీ. 1959లో రాజాజీ, రంగా గారు కలిసి ఆ పార్టీ పెట్టినప్పుడు మా ఊళ్ళో నక్షత్రం గుర్తు జెండా ముందు ఎగిరింది మా అరుగు మీదే. పేపర్ల భాషలో మాలాంటి వాళ్ళని మితవాదులంటారు. కాజాల విషయంలో తప్ప ఆ మాట నాకు సరిపోతుంది.

అన్నం తిన్నాక ఆ మూడు వాక్యాల మీద మేమిద్దరం దీపాలు పెట్టేవేళ దాకా కూర్చున్నాం. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. యుద్ధం గురించో, పేపర్లు చేసే పక్షపాతం గురించో కాలేజీలో నోరు విప్పబోయే మన వైపు పిల్లలకి పనికొస్తుందని. అవతలి వైపు పిల్లలు చదువుకున్నా నాకు అభ్యంతరం లేదు.

వాక్యాన్ని వలవండి

కొబ్బరికాయ వలిచినట్టు ముందు పీచు తీయాలి. ఒక్కో వాక్యాన్నీ మూడు ప్రశ్నలు అడగండి: జరిగిందేమిటి, ఎంత జరిగింది, ఎవరు చెప్పారు?

మొదటి వాక్యం. జరిగిన మాట నిజం. 1942 ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం, జపాన్ నౌకాదళం కొలంబో మీద దాడి చేసింది. ఆ మర్నాడు, సోమవారం, బంగాళాఖాతంలో తిరుగుతున్న ఒజావా అనే అడ్మిరల్ దళం నుంచి, ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక మీది విమానాలు విశాఖపట్నం మీదికీ కాకినాడ మీదికీ వచ్చాయి. వాళ్ళ అసలు పని సరుకు ఓడల్ని ముంచడం. ఆ కొద్ది రోజుల్లో ఇరవై దాకా ముంచారు కూడా. అంచేత "ఏప్రిల్‌లో" అని వదిలేయకుండా 6 అని వేయమన్నాను. తేదీ తెలిసినవాడు వేస్తాడు, తెలియనివాడు నెలతో సరిపెడతాడు. వినేవాళ్ళకి ఆ తేడా తెలిసిపోతుంది.

మరి "బాంబుల వర్షం"? వర్షం అంటే ఏమిటో మన డెల్టా వాళ్ళకి వేరే చెప్పాలా? తుపాను రాత్రి పెంకుల మీద మోగితే దాన్ని వర్షం అంటాం. అది అలాంటి దాడి కాదు. కాసిని విమానాలు వచ్చాయి, రేవుల మీద వేశాయి, పోయాయి. నష్టం కొద్ది, భయం కొండంత. ఆ భయమే అసలు కథ. దాన్ని వర్షంలో ముంచేస్తే మనకి మిగిలేదేమీ ఉండదు.

రెండో వాక్యం. "వందలాది" ఎక్కడిదిరా అంటే గ్రూపులో వచ్చిందన్నాడు. గ్రూపులోకి ఎక్కడినుంచి వచ్చింది? వేరే గ్రూపు నుంచి. కొట్టేశాను. అంకె చూపించలేకపోతే అంకె లేకుండా నిలబడే వాక్యం రాయాలి. నిలబడకపోతే అది వాక్యం కాదు, అరుపు.

ఈ పని చేసేటప్పుడు ఒక చిన్న కిటుకు. పాత ఇంగ్లీషు రికార్డుల్లో కాకినాడ అని వెతికితే దొరకదు. అప్పట్లో వాళ్ళ స్పెల్లింగు కోకనాడ. విశాఖపట్నాన్ని విజగపటం అని రాసేవారు. ఈ సంగతి తెలియక "ఎక్కడా లేదు, దాచేశారు" అనుకునేవాళ్ళని చాలామందిని చూశాను.

ఇక మూడోది, దాచిపెట్టారన్నది. ఎవరు దాచారు? యుద్ధం మొదలైన 1939లోనే డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం వచ్చింది. రేవుల సంగతి, ఓడల సంగతి, ఎంత నష్టం జరిగిందన్న సంగతి పేపర్లు తమ ఇష్టానికి వేయడానికి లేదు. ముందు నోరు నొక్కింది తెల్లదొరల సెన్సారు. దాన్ని వదిలేసి ఎర్రవాళ్ళ మీద పడితే మొదటి ప్రశ్నకే దొరికిపోతావని చెప్పాను.

"మరి స్వతంత్రం వచ్చాక?" అన్నాడు. వచ్చాక దాచలేదు, పట్టించుకోలేదు. దాచడానికి దాని విలువ తెలియాలి కదా. ఢిల్లీలో పుస్తకాలు రాసేవాళ్ళకి, ఎర్రవాళ్ళయినా కాషాయం వాళ్ళయినా, కాకినాడ అంటే కాజా. నా అసలు ఫిర్యాదు ఇదే. ఇది గట్టి ఫిర్యాదు, దీనికి ఎవరూ జవాబు చెప్పలేరు. దీన్ని పక్కన పెట్టి కుట్ర అని గోల చేస్తే గట్టిది వదులుకుని గుల్లది పట్టుకున్నట్టే.

తేదీల పట్టీ

పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి వెనక వైపు అడ్డంగా గీత గీయించాను. గీత మీద తేదీలు, కింద వరసలు. ఒక్కో వరస ఒక్కో పక్షానిది. ఆ తేదీన ఆ పక్షం ఏమందో గడిలో రాయాలి. ఇంతకంటే విద్య ఏమీ లేదు ఇందులో. కానీ చేసేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మా పట్టీ ఇలా వచ్చింది. 1939 సెప్టెంబరు 3: ఇక్కడి వాళ్ళని ఒక్క మాట అడక్కుండా వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఇండియా యుద్ధంలో ఉందని ప్రకటించాడు. అక్టోబరు చివర మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా. 1941 జూన్ 22: హిట్లర్ రష్యా మీద పడ్డాడు. డిసెంబరు 7: పెర్ల్ హార్బర్. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పోయింది, మార్చి 8న రంగూన్ పోయింది. మార్చి 23న బ్రిటిష్ మంత్రి క్రిప్స్ రాయబారానికి ఢిల్లీ వచ్చాడు, ఏప్రిల్ 12న వెళ్ళిపోయాడు. ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం. ఆగస్టు 12న తెనాలిలో కాల్పులు.

ఇప్పుడు ఏప్రిల్ 6 ఎక్కడుందో చూడు అన్నాను. వాడు వేలు పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాడు. ఢిల్లీలో క్రిప్స్, కాంగ్రెస్ నాయకులు రక్షణ శాఖ ఎవరి చేతిలో ఉండాలని బేరాలాడుకుంటున్న రోజుల్లోనే కాకినాడ మీద బాంబు పడింది. పుస్తకంలో ఒకటి రాజకీయ అధ్యాయంలో ఉంటుంది, ఇంకొకటి ఉంటే గింటే యుద్ధం అధ్యాయంలో ఉంటుంది. పట్టీ వేస్తే తప్ప రెండూ ఒకే వారంలోవని కనపడదు. "దీంతో మొదలెడతాను" అన్నాడు. వాడంతట వాడే అన్నాడు, నేను చెప్పలేదు.

తరువాత కమ్యూనిస్టుల వరస. ఇది రాసేటప్పుడు వాడి కలం పరిగెత్తింది. 1941 జూన్ 22కి ముందు అది సామ్రాజ్యవాద యుద్ధం. రష్యా మీద దాడి జరిగాక, ఆ ఏడాది చివరికల్లా అదే యుద్ధం ప్రజాయుద్ధం అయింది. పార్టీ వారపత్రిక పేరే పీపుల్స్ వార్ అని పెట్టుకున్నారు. 1942 జూలైలో పార్టీ మీద నిషేధం తీసేశారు. ఆగస్టులో క్విట్ ఇండియాని వాళ్ళు వ్యతిరేకించారు. యుద్ధం మారలేదు, పేరు మారింది. ఎందుకు మారిందో తెలియడానికి మాస్కో వైపు చూడాల్సి వచ్చింది. ఇది నేను ఎన్నిసార్లయినా అంటాను.

"ఇప్పుడు మన వరస రాయి" అన్నాను.

"మనకెందుకు తాతయ్యా?"

"వాళ్ళు రాసుకొస్తారు కాబట్టి."

రాయించాను. హిందూ మహాసభ క్విట్ ఇండియాలో చేరలేదు. సావర్కర్ కుర్రాళ్ళని సైన్యంలో చేరమన్నాడు. శ్యామాప్రసాద్ ముఖర్జీ 1941 డిసెంబరు నుంచి బెంగాల్లో ఫజ్లుల్ హక్ మంత్రివర్గంలో ఆర్థిక మంత్రి. 1942 నవంబరులో, మిడ్నపూర్‌లో జరిగిన అణచివేతని నిరసించి రాజీనామా చేశాడు. ఆ రెండు సంగతులూ రాయాలి, రెండోది మాత్రమే రాస్తే ఒప్పుకోను. ఆరెస్సెస్ సంస్థగా ఉద్యమంలోకి దిగలేదు. రాజాజీ కాంగ్రెస్‌లోంచే బయటికొచ్చేశాడు, క్విట్ ఇండియా తప్పన్నాడు, జనం చేత తిట్లు తిన్నాడు. మా నాన్నకి రాజాజీ మీద గురి కుదిరింది ఆ తిట్లు చూసేనట.

వరస నిండేసరికి వాడి మొహం వాడిపోయింది. ఈ గడులు నింపకుండా సభకి వెళ్ళకూడదు. అక్కడ ఎవరో ఒక అమ్మాయి లేచి "మరి మీవాళ్ళు 1942లో ఎక్కడున్నారండీ?" అంటుంది. అప్పుడు మొదటిసారి విన్నట్టు మొహం పెడితే అయిపోయినట్టే. ముందే నువ్వు చెబితే ఆ ప్రశ్నలో పదును పోతుంది. అప్పుడు ఎవరు ఏ కారణంతో దూరంగా ఉన్నారన్న అసలు చర్చలోకి దిగొచ్చు. ఆ చర్చలో మనకి చెప్పుకోవడానికి ఉంది.

1962కీ ఇదే పద్ధతి. "కమ్యూనిస్టులంతా చైనా వైపే" అని మన సభల్లో అలవాటుగా అనేస్తారు. ఆ ఏడాది నవంబరు మొదట్లో పార్టీ జాతీయ సమితి చైనా దాడిని ఖండిస్తూ తీర్మానం చేసింది. ఆ తీర్మానం మీదే లోపల కొట్టుకుని, మిగతా కారణాలు కూడా కలిసి, 1964లో చీలిపోయారు. "అంతా" అన్న ఒక్క మాట తీసేస్తే మన వాదన బలపడుతుందే గాని తగ్గదు.

క్రియ కింద గీత

పేపరు పక్షపాతం అంటే అబద్ధాలు రాయడం అనుకుంటారు. ఇరవై ఎనిమిదేళ్ళలో డెస్కులో కావాలని అబద్ధం రాసినవాణ్ని ఇద్దరు ముగ్గుర్ని మించి చూడలేదు. పక్షపాతం క్రియలో ఉంటుంది.

ఒక ఊళ్ళో పోలీసులు కాల్చారు, నలుగురు చనిపోయారు అనుకోండి. కంట్రిబ్యూటర్, అంటే ఆ ఊరి నుంచి వార్తలు పంపేవాడు, ఐటెం పంపాడు. డెస్కులో దానికి నాలుగు హెడ్డింగులు పెట్టొచ్చు. "కాల్పుల్లో నలుగురు మృతి". ఇందులో తుపాకీ ఎవరి చేతిలో ఉందో లేదు, కాల్పులు వాటంతట అవే జరిగాయి. "పోలీసు కాల్పులకు నలుగురు బలి". ఇందులో తీర్పు అయిపోయింది. "అల్లరిమూకపై కాల్పులు: నలుగురు మృతి". ఇందులో కూడా తీర్పు అయిపోయింది, ఎటొచ్చీ రెండో వైపుకి. "ఆత్మరక్షణకే కాల్చాం: ఎస్పీ". ఇందులో చచ్చిపోయినవాళ్ళే లేరు. నాలుగింటిలోనూ అబద్ధం లేదు. మూడు కాలమ్‌ల చోటిచ్చి ఏది పెట్టమంటారో చెప్పండి, మీ రాజకీయం నేను చెబుతాను.

మాట్లాడినవాళ్ళ క్రియలు ఇంకా ముచ్చటగా ఉంటాయి. "అన్నారు", "చెప్పారు" అన్నవి తెల్ల బట్టలు. "వెల్లడించారు" అంటే చెప్పింది నిజమేనని పేపరు సంతకం పెట్టినట్టు. "ఆరోపించారు" అంటే మాకు నమ్మకం లేదని చేతులు దులుపుకున్నట్టు. "అంగీకరించారు" అంటే ఇన్నాళ్ళూ దాచాడని. "ధ్వజమెత్తారు", "నిప్పులు చెరిగారు" అంటే ఆయన ఏమన్నాడో చదవక్కర్లేదు, గొంతు పెద్దదని తెలుసుకుంటే చాలని. మా ఆఫీసులో యజమాని వైపు నాయకుడు ఎప్పుడూ వెల్లడించేవాడు, అవతలివాడు ఎప్పుడూ ఆరోపించేవాడు. ఇద్దరూ ఒకే ప్రెస్ క్లబ్బులో, ఒకే మైకు ముందు.

అభ్యాసం ఏమిటంటే, పది రోజులు రెండు పేపర్లు తీసుకోండి, ఒకటి మీకు నచ్చింది, ఒకటి ఒళ్ళు మండేది. బొటనవేలితో పేపరు పేరు మూసేసి ఒకే వార్త రెండింట్లోనూ చదవండి. పెన్సిలుతో క్రియల కింద మాత్రం గీత గీయండి. పదో రోజుకి పేరు చూడకుండానే ఏ పేపరో చెప్పేస్తారు. అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది: మీకు నచ్చిన పేపరు గీతలే ముందు లెక్కపెట్టాలి. అవతలి పేపరు తప్పులు మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, కళ్ళకి అవే కనిపిస్తాయి. ఇంకొకటి, మొదటి రోజు బ్యానరు అయిన వార్తకి వారం తరువాత ఫాలోఅప్ వచ్చిందా లేదా చూడండి. రాకపోవడం కూడా ఒక వార్తే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక ఏడాది సరిహద్దులో చనిపోయిన జవాను శవపేటిక మా జిల్లాలో ఒక పల్లెకి వచ్చింది. కంట్రిబ్యూటర్ పంపిన ఐటెంలో తల్లి మాటలు లేవు. పేజీ వదిలే టైము అవుతోంది. అలాంటప్పుడు తల్లి ఏమంటుందో మాకు కంఠస్థమే కదా. "ఇంకో కొడుకున్నా దేశానికే ఇచ్చేదాన్ని" అని బాక్స్ కట్టేశాను. నాకు అందులో పక్షపాతం కనపడలేదు, భక్తి కనపడింది. మూడో రోజు ఆ పిల్లవాడి తండ్రి ఆఫీసుకొచ్చాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో నాలుగు మడతలు పెట్టిన మా పేపరు. కూర్చోమంటే కూర్చోలేదు. "బాబూ, మా ఆవిడ ఆ మాటనలేదండి. ఆరోజు నుంచీ అసలేమీ మాట్లాడలేదండి. ఊళ్ళో అందరూ ఇది చదివి, ఎంత గుండె నిబ్బరమమ్మా నీది అంటుంటే ఇంట్లోంచి బయటికి రావట్లేదండి" అన్నాడు. కోపం లేదు మనిషిలో. సవరణ వేస్తామన్నాను. "ఎందుకండీ" అని వెళ్ళిపోయాడు. సవరణ వేయలేదు. ఆ రోజు నుంచి కొటేషను గుర్తుల మధ్య నా మాట ఒక్కటి పెట్టలేదు, వేరేవాళ్ళు పెడితే ఊరుకోలేదు.

టీవీ సంగతి ఇంతకంటే అధ్వాన్నం. 2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ మొదలైన మర్నాటి రాత్రి, మన నౌకాదళం కరాచీ రేవుని ధ్వంసం చేసేసిందని కొన్ని చానళ్ళు గంటల తరబడి చూపించాయి. మా వీధి చివర టీ కొట్టు దగ్గర టపాసులు కాల్చారు. వీడు నాకు ఫోను చేసి "తాతయ్యా, కరాచీ అయిపోయింది!" అన్నాడు. తెల్లారేసరికి కరాచీ కరాచీలాగే ఉంది. అబద్ధం చెప్పింది శత్రువు కాదు, మన స్టూడియోలు. సైన్యం వాళ్ళు చెప్పుకోవడానికి నిజంగా చేసిన పని ఉన్నప్పుడు, చేయనిది అంటగట్టడం వాళ్ళకి గౌరవమా? యుద్ధం రోజున నేను పెట్టుకున్న నియమం ఒకటే. యాంకర్ చెబితే వినను, యూనిఫారంలో ఉన్న అధికారి మైకు ముందు పేరుతో చెబితే వింటాను, అది కూడా మర్నాడు పొద్దున్న కాఫీతో.

పేపరు ఎవరిదో చూసి తీర్పు చెప్పేసే అలవాటు కూడా మానుకోవాలి. 1943 బెంగాల్ కరవులో ముప్ఫై లక్షల మంది దాకా పోయారు. ప్రభుత్వం దాన్ని కరవు అని ప్రకటించడానికే ఇష్టపడలేదు. ఆగస్టు 22న కలకత్తా వీధుల్లోని శవాల ఫొటోలు వేసి లోకానికి చూపించింది స్టేట్స్‌మన్. తెల్లవాళ్ళ పేపరు, ఎడిటరు ఇయాన్ స్టీఫెన్స్ కూడా తెల్లవాడే.

పెద్దవాళ్ళని అడిగేటప్పుడు

మా మేనత్త కాకినాడ జగన్నాథపురంలో పెరిగింది. 1942 నాటికి పదేళ్ళ పిల్ల. "బాంబులు నా కళ్ళతో చూశానురా" అని చిన్నప్పటి నుంచీ మాకు చెప్పేది. బాంబు పడి యాభై ఏళ్ళయిన సందర్భంలో ఏదైనా రాద్దామని కాగితం పట్టుకుని వెళ్ళి, "అత్తా, విమానం ఎలా ఉంది?" అని అడిగాను. "నేనెక్కడ చూశానురా, మా అమ్మ నన్ను మంచం కిందికి తోసేస్తేను" అంది.

అబద్ధమాడిందనా? కాదు. వందసార్లు విన్నది చూసినట్టే అయిపోతుంది. అందుకని నేను అడిగే తీరు మార్చాను. నీకు అప్పుడు ఎన్నేళ్ళు, ఎక్కడున్నావు? ఇది చూశావా, విన్నావా? చివరికి, ఆ వారం ఇంట్లో ఏం వండారు, ఏం మానేశారు? ఆ మూడో ప్రశ్నకి వచ్చే జవాబు ఎవరూ ఎక్కడా విని చెప్పింది కాదు. మా అత్త చాలాసేపు ఆలోచించి, "ఆ ఏడు ఆవకాయ పెట్టలేదురా" అంది. మర్నాడే బండి కట్టించుకుని రామచంద్రపురం వైపు చుట్టాలింటికి పోయారు. దారంతా బళ్ళేనట. వేసవి అక్కడే గడిచింది. జాడీలు కాకినాడ ఇంట్లో బోర్లించి ఉన్నాయి. ఏప్రిల్‌లో వెళ్ళినవాళ్ళు మామిడికాయ రోజులు దాటేదాకా రాలేదంటే ఎంత భయపడ్డారో నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఆ భయం మామూలు జనానిదే అనుకోకండి. ఆ ఏప్రిల్‌లోనే జపాన్ దండు వచ్చేస్తోందన్న తప్పుడు సమాచారం నమ్మి మద్రాసు ప్రభుత్వం తన ఆఫీసుల్నే లోపలి ఊళ్ళకి తరలించింది.

బర్మా నుంచి వచ్చినవాళ్ళ కుటుంబాల్ని కూడా అడగమన్నాను. అక్కడ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసిన మనవాళ్ళని బర్మా వాళ్ళు మన కోరంగి రేవు పేరుతోనే కోరింగీలనేవారు. రంగూన్ పడిపోయినప్పుడు అడవుల్లో నడిచి వచ్చినవాళ్ళ మునిమనవలు ఆ కాలేజీలోనే ఏ బెంచీ మీదో కూర్చుని ఉండొచ్చు.

ఇంకొక సంగతి, అవతలి వైపు నుంచి తప్పకుండా వచ్చేది. "తెల్లవాడి సైన్యంలో చేరినవాళ్ళు కిరాయి సైనికులు" అంటారు. నాకు ఒళ్ళు మండే మాట ఇది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని ఊరికే అనరు, రెండు ప్రపంచ యుద్ధాలకీ పిల్లల్ని పంపిన ఊరది. ఆ యుద్ధంలో 25 లక్షల మంది భారతీయులు స్వచ్ఛందంగా చేరారు, 87 వేల మందికి పైగా తిరిగి రాలేదు. గూడెంలో అప్పటి రన్‌వే ఇప్పటికీ ఉంది. కానీ వీడికి నేను చెప్పింది, ఆ మాటకి "భారత్ మాతా కీ జై"తో జవాబివ్వొద్దని. జీతానికి చేరినవాడున్నాడు, తండ్రి చేశాడని చేరినవాడున్నాడు, పొలం లేక చేరినవాడున్నాడు. అవి చెప్పు. మాధవరం వెళ్ళి ఒక్క ఇంట్లో కూర్చుని విని చెప్పు. కిరాయి అన్నవాడు ఆ ఇంటి గడప తొక్కి ఆ మాట అనగలడా అని మాత్రం అడుగు.

సభ రోజు

ఇది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే పని అంతా పైనే ఉంది. మన కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు జరిగి దశాబ్దాలయింది. ఆ వేడి అంతా సభల్లోకీ గోడల మీదికీ వచ్చి చేరింది. ప్రిన్సిపాల్‌కి అర్జీ ఇచ్చేటప్పుడు రెండు వైపుల వక్తల పేర్లూ రాసి ఇవ్వండి. ఆయనకి టెన్షన్ తగ్గుతుంది, మీకు హాలు దొరుకుతుంది. ఎనిమిది నిమిషాలిస్తే ఆరుకి సిద్ధం కండి. అవతలివాళ్ళ వాదనలో గట్టిదేదో అది మీరే ముందు చెప్పండి, వాళ్ళు తలూపేలా చెప్పండి. దేశద్రోహి, అర్బన్ నక్సల్ లాంటి మాటలు మీ నోట రావడానికి వీల్లేదు. వాళ్ళు సంఘీ, ఫాసిస్టు అంటే అననివ్వండి, హాలు చూస్తూనే ఉంటుంది. తెలియని ప్రశ్న వస్తే తెలియదనండి.

ఆ చివరిది నాకు బాగా తగిలి నేర్చుకున్నది. డిగ్రీలో ఉన్నప్పుడు వక్తృత్వ పోటీలో 1971 యుద్ధం మీద మాట్లాడుతూ "93 వేల మంది పాక్ సైనికులు" అని బల్ల గుద్దాను. ఎర్రభావాలున్న ఒక లెక్చరర్ లేచి, "బందీలు 93 వేలు నాయనా, వాళ్ళలో పౌరులు కూడా ఉన్నారు, సైనికులెంతమంది?" అన్నారు. తెలియదనకుండా ఇంకోసారి బల్ల గుద్దాను. హాలు నవ్వింది. సంఖ్య తప్పినందుకు కాదు, బల్ల గుద్దినందుకు.

చీకటి పడే వేళకి కరపత్రం ఇలా తయారైంది: "1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ వారమే ఢిల్లీలో క్రిప్స్ రాయబారం నడుస్తోంది. అప్పుడు వార్తలు సెన్సారు చేతిలో ఉన్నాయి. తరువాత మన పుస్తకాలు ఆ రోజుకి చోటివ్వలేదు. ఆ రోజు గురించి మీ ఇంట్లో ఏమనుకునేవారో కనుక్కుని రండి." ఆశ్చర్యార్థకం ఒక్కటీ లేదు. వాళ్ళ సంఘం కుర్రాళ్ళకి చప్పగా అనిపించిందట. అయినా అచ్చు వేశారు.

సభ అయిన రాత్రి ఫోను చేశాడు. వాడు అనుకున్న అమ్మాయి అనుకున్నట్టే లేచి అనుకున్న ప్రశ్నే అడిగిందట. క్యాలెండరు కాగితం తీసి మన వరస చదివేశాడట. తరువాత ఆ అమ్మాయి జూన్ 22 గురించి తన జవాబు తాను చెప్పిందట, ఆ జవాబు వీడికి నచ్చలేదు, నాకు కూడా నచ్చలేదు. కిరాయి అన్న మాట అనింది కూడా ఆ అమ్మాయేనట. "ఒక ఇంట్లో కూర్చుని వినమన్నావు కదా, నేనూ వస్తాను, ఎప్పుడు వెళ్దాం" అని అడిగిందట.

"మాధవరానికి బస్సు ఎక్కడ ఎక్కాలి తాతయ్యా?" అన్నాడు.

కాకినాడ నుంచయితే రైలెక్కి గూడెంలో దిగమన్నాను. స్టేషను బయట ఆటో మాట్లాడుకుని, మిలిటరీ మాధవరం అని చెబితే చాలు.